పెళ్ళికి 50, చావుకు 20: ఫిలింనగర్‌లో ఒక లెక్క, పల్లెలో ఒక లెక్క

సూపర్‌స్టార్ శ్రీ కృష్ణ పెద్ద కుమారుడు శ్రీ రమేష్‌బాబు 2022 జనవరి 8న కాలేయ వ్యాధితో కన్నుమూశారు. ‘అల్లూరి సీతారామరాజు’లో బాలనటుడిగానూ, ‘సామ్రాట్’లో కథానాయకుడిగానూ మన టాకీసుల్లో జనం చూసిన మనిషే ఆయన. మరునాడు ఆదివారం. భౌతికకాయాన్ని పద్మాలయా స్టూడియోలో కొద్దిసేపు ఉంచి, అక్కడి నుంచి మహాప్రస్థానం శ్మశానవాటికకు తీసుకువెళ్ళారు. కన్నతండ్రి వచ్చారు. దగ్గరి బంధువులు వచ్చారు. తోడబుట్టిన తమ్ముడు శ్రీ మహేష్‌బాబు మాత్రం రాలేదు.

రెండు రోజుల ముందు, అంటే జనవరి 6న, తనకు కరోనా సోకినట్లు ఆయనే ప్రకటించారు. స్వల్ప లక్షణాలున్నాయనీ, ఇంట్లోనే విడిగా ఉంటున్నాననీ, తనను కలిసినవారు పరీక్ష చేయించుకోవాలనీ కోరారు. అన్న పోయేనాటికి ఆయన గదిలోకి వెళ్ళి మూడు రోజులైనా సరిగా కాలేదు. అభిమానులు శ్మశానం వద్ద గుమికూడవద్దని కుటుంబం తరఫున విజ్ఞప్తి కూడా వెలువడింది.

అప్పట్లో ఈ వార్త చదివిన చాలామంది ఒక ప్రశ్న వేశారు. ‘చావుకు 20 మంది పోవచ్చని సర్కారే చెప్పింది గదా. ఆ 20 మందిలో సొంత తమ్ముడికి చోటు లేకపోయిందా?’ అని. ప్రశ్న సహజమే. కానీ అందులో రెండు వేర్వేరు నిబంధనలు కలిసిపోయాయి. 20 మంది అన్నది ఆరోగ్యంగా ఉన్నవారి లెక్క. కరోనా సోకిన మనిషి ఆ లెక్కలోకే రాడు. అంత్యక్రియలకు ఇద్దరే వచ్చినా, ఆ ఇద్దరిలో అతను ఉండరాదు. 2022 జనవరి 5న కేంద్ర ఆరోగ్యశాఖ సవరించిన సూచనల ప్రకారం, స్వల్ప లక్షణాలున్నవారు పరీక్షలో తేలిన నాటి నుంచి 7 రోజులు, అందులో చివరి 3 రోజులు జ్వరం లేకుండా గడిస్తేనే బయటికి రావాలి. అంటే జనవరి 9న ఆ తమ్ముడు చేయగలిగింది ఏమీ లేదు.

ఈ రెండు నిబంధనల తేడా ఇంత పెద్ద ఇంటి విషయంలోనే జనానికి తెలియలేదంటే, మన ఊళ్ళలో రెండేళ్ళపాటు పెళ్ళిళ్ళు, చావులు, పురుళ్ళు, పుణ్యాహవచనాలు ఏ లెక్కన జరిగాయో ఊహించుకోవచ్చు. పెళ్ళి దగ్గర జనం ఆ నిబంధనను సాగదీశారు. చావు దగ్గర దాన్ని ఉన్నదానికంటే బిగించేశారు. కాగితం మీద రాసింది మాత్రం ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంది.

నెలకో అంకె

ముందు కాగితం సంగతి చూద్దాం. తెలంగాణలో మొదటి కరోనా కేసు 2020 మార్చి 2న బయటపడింది. మార్చి 14న రాష్ట్ర ప్రభుత్వం సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు మూసివేయించింది. ముందే నిశ్చయమైన పెళ్ళిళ్ళు మాత్రం 200 మంది లోపు జరుపుకోవచ్చన్నది. పది రోజులు తిరిగేసరికి దేశమంతా లాక్‌డౌన్. ఉగాది నాడే, అంటే మార్చి 25న అది మొదలయింది. అప్పటి కేంద్రం ఉత్తర్వులో పెళ్ళికి అంకె లేదు, చావుకు మాత్రం 20 మంది అని ఉంది. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి భద్రాద్రిలో రాములవారి కల్యాణమే భక్తులు లేకుండా జరిగింది. ఇక మామూలు మనుషుల సంగతి చెప్పేదేముంది?

మే నెలలో కేంద్రం పెళ్ళికి 50 అన్నది. సెప్టెంబరు 21 నుంచి 100కు పెంచింది. అక్టోబరు వచ్చేసరికి హాలులో సగం మంది, ఎంత పెద్ద హాలైనా 200కు మించరాదన్నది. మళ్ళీ రెండో విడత వచ్చి, 2021 మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టినపుడు పెళ్ళికి 40, చావుకు 20 అన్నారు. ఉదయం 6 నుంచి 10 గంటల వరకే బయట తిరగనిచ్చేవారు. తర్వాత ఆ వేళలను విడతలవారీగా పెంచుతూ వచ్చి జూన్ 20న మొత్తం ఎత్తేశారు.

ఏడాదిన్నరలో ఇన్ని అంకెలు. ఏది కేంద్రానిది, ఏది రాష్ట్రానిది, ఏది నిన్నటిది, ఏది నేటిది? పంచాయతీ చాటింపు వేసే నాటికి టీవీలో ఇంకో అంకె వచ్చేది. సెల్‌ఫోన్‌లో తిరిగే కాగితం ఏ నెలదో ఎవరికీ తెలియదు. పెళ్ళి పెట్టుకున్న తండ్రి తహసీల్దారు ఆఫీసుకీ, పోలీసు ఠాణాకీ తిరిగి తిరిగి చివరికి ‘ఏదో ఒకటి’ అనుకోవడం అతని తప్పుగా మాత్రం నేను చూడను.

ఆ పైన మాటల చిక్కు. కేంద్రం ఉత్తర్వులో ఉన్న మాట ‘అతిథులు’. అతిథులు 50 మందికి మించరాదని. మరి పెళ్ళికూతురు అతిథా? కన్నతల్లి అతిథా? పురోహితుడు, మేళంవాళ్ళు, వంటవాళ్ళు, ఫొటోగ్రాఫరు? పిల్లవైపు 50, పిల్లగాడి వైపు 50 అని సర్దుకున్నవాళ్ళున్నారు. ఒకేసారి 50 మంది ఉండరాదంతేగదా అని బంతికి 50 చొప్పున పొద్దంతా విస్తళ్ళు వేసినవాళ్ళూ ఉన్నారు. ఇది పల్లె జనం తెలివితక్కువతనమని పట్నంవాళ్ళు నవ్వుతారు గాని, ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. అక్కడ 2020 సెప్టెంబరు 14 నుంచి ఇంట్లోగాని, బయటగాని 6గురికి మించి కలవరాదన్నారు. చంటిపిల్లలు ఆ లెక్కలోకి వస్తారా, రారా? ఇంగ్లండులో వస్తారన్నారు. పక్కనున్న స్కాట్లండు, వేల్సులలో చిన్నపిల్లలను లెక్కించనక్కరలేదన్నారు. ఆ నిబంధనలు పెట్టిన ప్రధాని బోరిస్ జాన్సనే, 2020 జూన్ 19న తన కార్యాలయంలో తన పుట్టినరోజుకు జనం కూడినందుకు 2022 ఏప్రిల్‌లో పోలీసుల చేత జరిమానా వేయించుకున్నాడు.

నర్సింగ్‌పల్లి గుడిలో పెళ్ళి

లాక్‌డౌన్‌లో సినిమావాళ్ళ పెళ్ళిళ్ళు వరుసగా జరిగాయి. వాటిని పల్లెల్లో జనం ఆసక్తిగా గమనించారు. అందులో ఒకటి మన నిజామాబాద్ జిల్లాలోనే జరిగింది. నిర్మాత శ్రీ దిల్ రాజు సొంత ఊరు నర్సింగ్‌పల్లి. అక్కడి వేంకటేశ్వరస్వామి ఆలయంలో 2020 మే 10 రాత్రి ఆయన వివాహం కొద్దిమంది కుటుంబసభ్యుల మధ్య జరిగింది. మామూలు రోజుల్లో ఆ పెళ్ళికి హైదరాబాదు నుంచి ఎన్ని కార్లు వచ్చి ఉండేవో, మోపాల్ దారి పొడుగునా ఎంత దుమ్ము లేచేదో ఆ ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నాలుగు రోజులకు, మే 14న, నటుడు శ్రీ నిఖిల్ పెళ్ళి శామీర్‌పేటలోని ఒక తోటలో జరిగింది. శ్రీ నితిన్ పెళ్ళి ఏప్రిల్‌లో దుబాయిలో చేయాలనుకున్నారు. అది వాయిదా పడి జూలై 26న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగింది.

వీటన్నిటిలోకి నేను ఎక్కువగా చెప్పదలచినది శ్రీ రానా దగ్గుబాటి పెళ్ళి గురించి. 2020 ఆగస్టు 8న ఫిలింనగర్‌లో సొంత రామానాయుడు స్టూడియోలోనే చేశారు. తాతగారు కట్టించిన స్టూడియో. ఎన్నో సినిమా పెళ్ళిళ్ళు సెట్టు వేసి తీసిన చోటు. వేలమందికి భోజనాలు పెట్టగల కుటుంబం. అప్పటికి నిబంధన 50. కానీ పిలిచింది 30 మంది లోపే. వచ్చినవారందరికీ ముందుగా కరోనా పరీక్షలు చేయిస్తున్నట్లు వరుని తండ్రి శ్రీ సురేష్‌బాబు చెప్పారు. రాలేని బంధుమిత్రులకు కళ్ళకు పెట్టుకుని చూసే ఒక పరికరాన్ని ఇంటికే పంపించారు. దాంతో పెళ్ళిపందిట్లో కూర్చున్నట్లే కనిపిస్తుందట.

ఆ పరికరం మనకు దొరకదు, దొరికినా కొనలేం. దాన్ని వదిలేద్దాం. గమనించవలసింది 30 అన్న అంకె. 50 మందికి అనుమతి ఉంటే 50 మందినీ పిలవాలని ఎక్కడా లేదు. అది దాటకూడని గీత. మన దగ్గర మాత్రం అది కోటాగా మారింది. రేషను షాపులో మన పేరున 20 కిలోల బియ్యం ఉంటే 20 కిలోలూ తెచ్చుకుంటాం గదా, అట్లాగే సర్కారు 50 మందిని ‘ఇచ్చింది’ కాబట్టి 50 మందిని నింపాలనుకున్నాం. నింపాక 51వ మేనత్తను ఎట్లా కాదనడం? అక్కడి నుంచి 80, అక్కడి నుంచి 150.

‘ఇంట్లోనే చేసుకోండి’

పెళ్ళికీ చావుకూ అంకె ఉంది. మరి సొంత ఇంట్లో పుట్టినరోజుకు? సత్యనారాయణ వ్రతానికి? పండగకు కూతురూ అల్లుడూ వస్తే? ఇంగ్లండులోలాగా ఇంట్లో ఇంతమందే ఉండాలని మన ఉత్తర్వుల్లో విడిగా రాయలేదు. సాంఘిక, మతపరమైన సమావేశాలు వద్దన్నారు. 65 ఏళ్ళు దాటినవారు, పదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు గడప దాటవద్దన్నారు. బోనాలు వచ్చాయి, ఇంట్లోనే సమర్పించుకోండన్నారు. వినాయక చవితి వచ్చింది, ఇంట్లోనే పూజించుకోండన్నారు. ఆ మాట చెప్పినవారి ఉద్దేశం మీ ఇంటివాళ్ళు మీ ఇంట్లో ఉండండని. మనకు వినిపించింది ఇంట్లో అయితే తప్పు లేదని.

పైగా ‘ఇంటివాళ్ళు’ అన్న మాట మన భాషలో చాలా పెద్దది. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళని దాని అర్థం కాదు. అన్నదమ్ముల కుటుంబాలు, మేనమామ, వియ్యంకుడు, పక్క వీధిలో ఉంటూ రోజూ వచ్చిపోయే చిన్నాయన, అందరూ ఇంటివాళ్ళే. వీళ్ళంతా కూడితే దాన్ని సమావేశం అనరు, ‘అందరం కలిశాం’ అంటారు. జబ్బుకు ఈ వరసలు తెలియవు. రోజూ ఏ నలుగురు ఒక కప్పు కింద పడుకుంటున్నారో వారే ఒక ఇల్లు. మిగిలినవాడు సొంత తమ్ముడైనా బయటి మనిషే. ఈ ఒక్క ముక్క సూటిగా ఏ చాటింపులోనూ చెప్పలేదు. చెబితే తిట్టేవారేమో కూడా.

జూబిలీ హిల్స్‌లోనూ ఇదే. 2020 డిసెంబరులో క్రిస్మస్‌కు శ్రీ రామ్‌చరణ్ ఇంట్లో మెగా కుటుంబం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిశారు. ఫొటోలు వచ్చాయి, అందరం చూశాం. డిసెంబరు 29న తనకు కరోనా ఉన్నట్లు తేలిందని శ్రీ రామ్‌చరణ్ ప్రకటించారు. లక్షణాలేవీ లేవనీ, ఇంట్లోనే విడిగా ఉన్నాననీ, కిందటి రెండు రోజుల్లో తన దగ్గరున్నవారు పరీక్ష చేయించుకోవాలనీ కోరారు. అదే రోజు శ్రీ వరుణ్‌తేజ్ కూడా తనకు సోకినట్లు చెప్పారు. ఆ పండుగ నాడే అంటుకుందని ఎవరూ తేల్చలేదు, అట్లా అనడం న్యాయం కాదు. ఇక్కడ పట్టుకోవలసింది ‘లక్షణాలేవీ లేవు’ అన్న మాట. దగ్గు, జ్వరం లేని మనిషి దగ్గర కూడా జబ్బు ఉండవచ్చు. లక్షణాలు బయటపడేవారి విషయంలోనైనా, అవి కనిపించడానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే పక్కవారికి అంటించవచ్చు. ‘మావాళ్ళెవరికీ ఏమీ లేదు’ అని మన ఊళ్ళో పెళ్ళి పెద్దలు ఇచ్చిన హామీలన్నీ ఇక్కడే కూలిపోతాయి.

అయినా ఆ కొండమీది ఇళ్ళకూ కింది ఇళ్ళకూ పోలిక లేదు. జూబిలీ హిల్స్ బంగళాలో జబ్బు మనిషికి ఒక గది, ఒక స్నానాలగది విడిగా ఇవ్వవచ్చు. దానికి కూతవేటు దూరంలో ఫిలింనగర్ బస్తీలున్నాయి. ఇటు కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ అసిస్టెంట్లు ఒక్క గదిని పంచుకుని ఉంటారు. వారిలో మన జిల్లాల నుంచి వేషాల కోసం పోయిన పిల్లలెందరో. షూటింగులు ఆగిన నాడే వారి కూలీ ఆగింది. శ్రీ చిరంజీవి ఆధ్వర్యంలో ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ సినీ కార్మికులకు నిత్యావసర సరుకులు అందజేసింది. సరుకులు అందాయి గాని, రెండో గది ఎవరిస్తారు? ఇంట్లో విడిగా ఉండాలన్న నిబంధన రాసినవారి కళ్ళ ముందు ఒక్క గది ఇల్లు లేదు. పల్లెలో కూడా లేదు. 2021 మే నెలలో నల్గొండ జిల్లాలో ఒక తండా విద్యార్థి, ఇంట్లో ఉన్నది ఒకే గది కాబట్టి, చెట్టు మీద మంచె కట్టుకుని 11 రోజులు గడిపాడు. దేశ విదేశాల పత్రికలు దాన్ని వింతగా రాశాయి. వింతేమీ లేదు. నిబంధనను ఉన్నదున్నట్లు అర్థం చేసుకుని, ఉన్నంతలో పాటించినవాడు అతను.

పరీక్ష కాగితం

రానా పెళ్ళికి పరీక్షలు చేయించారని పైన రాశాను. దాన్ని చూసి చాలామంది ఇంకోరకంగా నేర్చుకున్నారు. పరీక్షలో లేదని వస్తే ఇక ఎక్కడికైనా పోవచ్చు, ఎందరితోనైనా కూర్చోవచ్చు అని. ఆ కాగితాన్ని సినిమా టిక్కెట్టులాగా చూశారు. జబ్బు ఒంట్లోకి చేరాక బయటపడడానికి ఎక్కువమందిలో అయిదారు రోజులు, కొందరిలో 14 రోజుల దాకా పట్టేది. చేరిన మొదటి రోజుల్లో పరీక్ష చేస్తే దొరకకపోవచ్చు. ఇవాళ లేదని వచ్చిన మనిషికి ఎల్లుండి ఉందని రావచ్చు. పరీక్ష చేయించి, పైగా 30 మందినే పిలవడం ఒక పద్ధతి. పరీక్ష చేయించాం కదా అని 300 మందిని పిలవడం ఇంకో పద్ధతి.

పరీక్ష అటువైపు కూడా తప్పవచ్చు. 2020 నవంబరు 9న, ‘ఆచార్య’ షూటింగుకు ముందు చేయించిన పరీక్షలో కరోనా ఉన్నట్లు తేలిందని శ్రీ చిరంజీవి ప్రకటించారు. అంతకు రెండు రోజుల ముందే ఆయన, శ్రీ నాగార్జున కలిసి అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె.చంద్రశేఖరరావును కలిసి వచ్చారు. రాష్ట్రమంతా కలవరపడింది. 12వ తేదీ నాటికి మళ్ళీ పరీక్షలు చేయిస్తే జబ్బు లేదని వచ్చింది. మొదటి పరీక్ష కిట్టులో లోపమని తేలిందని ఆయన తెలిపారు. ఈ కథ విన్న తర్వాత ‘పరీక్షలన్నీ ఉత్తివే’ అన్నవాళ్ళు మన దగ్గర తక్కువేమీ కాదు. కానీ ఆ మూడు రోజులూ ఆయన ఎవరినీ కలవకుండా ఇంట్లో ఉండడం మాత్రం ఉత్తిది కాదు. తప్పుడు కాగితమైనా సరే, ఉందని చెప్పినంతసేపూ ఉన్నట్లే నడుచుకోవాలి.

ఇక అంకె తప్పితే ఏమవుతుందో చూడడానికి హైదరాబాదు పోనక్కరలేదు. 2021 ఏప్రిల్ మొదటి వారంలో మన జిల్లా హన్మాజీపేట పేరు దేశమంతా మారుమోగింది. ఆ ఊరి పెళ్ళికి సుమారు 370 మంది హాజరయ్యారు. తర్వాత శిబిరం పెట్టి పరీక్షలు చేస్తే 87 మందికి కరోనా తేలింది. ఊళ్ళోనే విడిది కేంద్రం ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ ఊరిని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఆ నెలలో అటువంటి పెళ్ళిళ్ళు ప్రతి మండలంలో జరిగాయి. అక్కడ పరీక్షలు చేశారు కాబట్టి లెక్క తేలింది, మిగతాచోట్ల చేయలేదు కాబట్టి తేలలేదు.

50, 40, 20 అన్న అంకెల్లో శాస్త్రం కొంచెమే. పోలీసువారు లెక్కపెట్టడానికి వీలుగా ఉండాలని పెట్టిన అంకెలవి. అసలు విషయం గాలి. 2020 జూలైలోనే 32 దేశాలకు చెందిన 239 మంది శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ రాశారు. ఈ జబ్బు మూసి ఉన్న గదిలో గాలి ద్వారా కూడా వ్యాపిస్తుంది, దాన్ని పట్టించుకోండి అని. అంటే ఏసీ ఫంక్షన్ హాలులో తలుపులు మూసి కూర్చున్న 40 మంది కన్నా, చింతచెట్టు కింద పందిరి వేసుకుని ఎడంగా కూర్చున్న 60 మంది మేలు కావచ్చు. ఉత్తర్వు ప్రకారం మొదటిది ఒప్పు, రెండోది తప్పు. ఈ సంగతి జనానికి విడమరిచి చెప్పి ఉంటే, పందిళ్ళు వేసుకునే పల్లెవాళ్ళు పట్నంవాళ్ళ కన్నా బాగానే పాటించేవారని నా నమ్మకం. 1000 రూపాయల మాస్కు జరిమానా గురించి మాత్రం అందరికీ తెలుసు.

చావు దగ్గర

పెళ్ళి దగ్గర ఇంత ధైర్యంగా ఉన్న జనం చావు దగ్గరికి వచ్చేసరికి వణికిపోయారు. కరోనాతో పోయినవారి శవాన్ని ఊళ్ళోకి రానివ్వని ఊళ్ళున్నాయి. పాడె మోయడానికి నలుగురు దొరకక ట్రాక్టరులో, జేసీబీలో తీసుకుపోయిన ఉదంతాలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లోనూ వచ్చాయి. ‘చూడరాదట, ముట్టరాదట, ఇంటివాళ్ళు కూడా పోరాదట, సర్కారు రూలు’ అని చెప్పుకున్నారు. ఆ రూలు ఎవరూ చదవలేదు.

చదివితే అందులో ఉన్నది ఇది. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చి 15నే, అంటే లాక్‌డౌన్‌కు పది రోజుల ముందే, కరోనా మృతుల విషయంలో ఏం చేయాలో సూచనలు విడుదల చేసింది. శవం ఉంచిన సంచిని ముఖం దగ్గర తెరిచి బంధువులు కడసారి చూసుకోవచ్చు. తెరిచే పని సిబ్బంది చేస్తారు. మంత్రాలు చదవవచ్చు, తీర్థం చల్లవచ్చు, శవాన్ని తాకకుండా చేసే కర్మలేవైనా జరుపుకోవచ్చు. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం, ముద్దు పెట్టుకోవడం మాత్రం కూడదు. అంత్యక్రియల తర్వాత సిబ్బందీ, బంధువులూ చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. ఎక్కువమంది గుమికూడరాదు. శవం దగ్గర కన్నా, అక్కడికి వచ్చిన బంధువుల్లో ఎవరికైనా జబ్బు ఉండి ఉంటే వారి నుంచి సోకే ప్రమాదమే ఎక్కువ. 20 మంది అన్న అంకె వెనక ఉన్న కారణం ఇదే.

అంటే భయపడవలసింది పోయిన మనిషిని చూసి కాదు, పక్కన నిలబడి ఏడుస్తున్న మనిషిని చూసి. మనం సరిగ్గా తలకిందులు చేశాం. శవాన్ని ఊరవతల వదిలేసి, పదో రోజున ఊరంతటికీ భోజనాలు పెట్టాం.

గాయకుడు శ్రీ ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం విషయంలో కూడా ఇటువంటి గందరగోళం నడిచింది. ఆయన 2020 ఆగస్టు 5న కరోనాతో చెన్నై ఆసుపత్రిలో చేరి, సెప్టెంబరు 25న మరణించారు. మరునాడు తామరైపాక్కంలోని తోటలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం జరిగింది. ముఖం కనిపిస్తూనే ఉంది, పలువురు దగ్గరికి వెళ్ళి నమస్కరించారు. ‘పెద్దవాళ్ళకైతే రూళ్ళుండవా’ అని అడిగినవారున్నారు. ఆయనకు పరీక్షలో కరోనా లేదని వచ్చినట్లు కుమారుడు శ్రీ చరణ్ సెప్టెంబరు 7ననే చెప్పారు. జబ్బు పోయినా అది చేసిన హాని పోలేదు. రూలు ఒకటే, సందర్భం వేరు. ఈ తేడా చెప్పేవారు లేకపోతే జనానికి మిగిలేది అనుమానమే.

కృష్ణగారింటి సంగతే మరొకటి. కేంద్రం కరోనా ఆంక్షల ఉత్తర్వులు 2022 మార్చి 31తో ముగిశాయి. ఆ నవంబరు 15న శ్రీ కృష్ణ కన్నుమూశారు. మరునాడు అదే పద్మాలయా స్టూడియోలో భౌతికకాయాన్ని ఉంచితే వేలమంది వరుస కట్టారు. మహేష్‌బాబు తండ్రి పక్కనే ఉన్నారు. జనవరిలో ఒక లెక్క, నవంబరులో ఒక లెక్క. చాలామందికి ఇది వింతగా తోచింది గాని, నిబంధన ఎప్పుడు ఎత్తేశారో తెలిసినవారికి తోచలేదు.

ఇప్పుడు ఆ ఉత్తర్వులేవీ అమలులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందన్నది. కానీ వాటికి ఆధారమైన 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం అట్లాగే ఉన్నాయి. ఉత్తర్వు మీరితే అప్పట్లో శిక్షాస్మృతి 188వ సెక్షను పెట్టేవారు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 223వ సెక్షనుగా ఉంది. రేపు ఇంకో జబ్బు వస్తే మళ్ళీ ఇవే చట్టాల కింద మళ్ళీ ఏదో ఒక అంకె వస్తుంది. గ్రామ పంచాయతీ ఆ అంకెతోపాటు అది ఎందుకు పెట్టారో కూడా రెండు ముక్కలు చాటింపు వేయిస్తుందా అన్నది సర్పంచులు, కార్యదర్శులు ఇప్పుడే అడిగి పెట్టుకోవలసిన ప్రశ్న.

ఇంకొక్క సంగతి. 2021 వేసవిలో దేశంలో పలు నగరాల శ్మశానాల్లో అస్థికల కుండలు వరుసగా మిగిలిపోయాయి. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో ఆ జూన్ నెలలో అప్పటి రెవెన్యూ మంత్రి శ్రీ ఆర్.అశోక అటువంటి వందల కుండలను కావేరికి తీసుకుపోయి ప్రభుత్వం తరఫున నిమజ్జనం చేయించారు. కొందరు ఇళ్ళలో అందరూ జబ్బుపడి రాలేకపోయారు, కొందరు భయపడి రాలేదు. మన జిల్లాలో అస్థికలు కలపడానికి కందకుర్తి సంగమానికి పోతాం. 2020 మార్చి 15 నాటి ఆ సూచనల్లో దీని గురించి కూడా ఉంది. చితాభస్మం వల్ల ఏ ప్రమాదమూ లేదు, కర్మకాండ కోసం ఇంటివాళ్ళు తీసుకోవచ్చు అని.